కేజీబీ డ్రైవరూ, మా నాన్న నోటు పుస్తకమూ

అప్పట్లో సోవియట్ యూనియన్‌లో ఉన్న ఎస్తోనియాలో ఒక డ్రైవరు ఉండేవాడు. 1980 నుంచి 1991 దాకా అక్కడి కేజీబీ (సోవియట్ రహస్య పోలీసు) ఆఫీసులో బండి నడిపాడు. దేశానికి స్వాతంత్ర్యం తిరిగొచ్చింది, ఆఫీసు మూతబడింది, ఆయన ఇంకో చోట డ్రైవరుగా చేరిపోయాడు. 2004లో అక్కడి గెజిట్‌లో ఆయన పేరు అచ్చయింది, ఫలానా మనిషి కేజీబీలో డ్రైవరుగా చేశాడు అని. తోటివాళ్ళ సూటిపోటి మాటలు పడలేక ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చిందంటూ ఆయన కోర్టుకెక్కాడు. సొంత దేశంలో ఓడిపోయి, యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి 2015లో గెలిచాడు. ఏడుగురు జడ్జీల్లో నలుగురు ఆయన వైపు, ముగ్గురు అటు. పరిహారం 6,000 యూరోలు.

మా అబ్బాయి ఈ కేసు సంగతి చెప్పినప్పటి నుంచీ అది నా బుర్రలో తిరుగుతూనే ఉంది. వాడికది నవ్వులాట. నాకు కాదు. మా నాన్న పోలీసు హెడ్ కానిస్టేబులు. యూనిఫారం వేసుకున్న రోజులు తక్కువ. మఫ్టీలో తిరిగి, ఎవరేం మాట్లాడుతున్నారో రాసి పైకి పంపడం ఆయన డ్యూటీ. జనం భాషలో సీఐడీ.

మేం అప్పుడు విజయవాడ సూర్యారావుపేటలో అద్దెకుండేవాళ్ళం. పీడబ్ల్యూడీ గ్రౌండులో, ఇప్పుడు అంబేడ్కర్ విగ్రహం ఉన్న చోట, ఏ మీటింగు జరిగినా నాన్న సాయంత్రం నాలుగింటికే వెళ్ళి ఒక పక్కన నిలబడేవాడు. రహస్యమేమీ లేదు, అందరికీ తెలుసు. పార్టీ కుర్రాళ్ళే కుర్చీ వేసి, సోడా కొట్టి ఇచ్చేవాళ్ళట. ఒకాయన మైకులోనే "ఈ ముక్క కూడా రాసుకోండి హెడ్డుగారూ" అంటే జనం ఘొల్లున నవ్వారని నాన్నే చెప్పాడు. చెప్పి తనూ నవ్వాడు. ఆయన దగ్గర అరచేతిలో పట్టేంత నోటు పుస్తకం ఉండేది. పెన్ను వాడేవాడు కాదు, పెన్సిలే. వానకి సిరా చెదిరిపోతుందని. ఉపన్యాసం మొత్తం రాయడు. మనిషి పేరు, ఎన్ని గంటలకి లేచాడు, ఎవరిని తిట్టాడు, చప్పట్లు ఎక్కడ పడ్డాయి, జనం ఎంత. ఇంటికొచ్చాక లాంతరు ముందు కూర్చుని దాన్ని సాఫు చేసి, కాన్ఫిడెన్షియల్ కవరులో పెట్టి, జిగురు ఆరేదాకా దానిమీద ఎక్కాల పుస్తకం బరువు పెట్టేవాడు. ఆ ఎక్కాల పుస్తకం నాది. కరెంటు ఉన్నా లాంతరెందుకో ఇప్పటికీ అర్థం కాలేదు, అలవాటేమో.

మా వాడు ఎస్తోనియా పక్క దేశం లాత్వియాలో, దాని రాజధాని రీగాలో ఇంజనీరింగు చదివాడు. మన పిల్లలు అక్కడ బాగానే ఉన్నారు, తెలుగు మాట వినపడని వీధి లేదన్నంత. కాన్వొకేషన్‌కి మేమిద్దరం వెళ్ళినప్పుడు వాడు చర్చిలూ, నదీ అన్నీ చూపించాడు. మా ఆయనకి చేపల మార్కెట్ నచ్చింది. నేను మాత్రం మూల ఇంటికి తీసుకెళ్ళమన్నాను. అక్కడివాళ్ళు దాన్ని అలాగే పిలుస్తారు, రెండు వీధులు కలిసే మూల మీద ఉంటుంది కాబట్టి. 1912లో కట్టిన అందమైన ఆరంతస్తుల ఇల్లు. మన గవర్నరుపేటలో పాత మేడలు కొన్ని చూస్తే ఎంత ముచ్చటేస్తుందో అంత ముచ్చటేసింది, లోపలికి అడుగు పెట్టేదాకా. దాన్ని కట్టిన ఆర్కిటెక్టునే 1919లో లెనిన్ పార్టీ బోల్షివిక్కులు కాల్చి చంపారు. తర్వాత 1940లో సోవియట్ సైన్యం వచ్చాక ఆ ఇంట్లోనే రహస్య పోలీసు ఆఫీసు పెట్టారు. మధ్యలో జర్మన్లు ఆక్రమించుకున్న మూడేళ్ళు పోను, 1991 దాకా అదే.

గుమ్మం దాటగానే గోడకి ఒక చెక్కపెట్టె. పోస్టు డబ్బాలాంటిది. గైడు పిల్ల ముందు దాని దగ్గరే ఆగింది. అరెస్టయిన తమవాళ్ళు ఎక్కడున్నారు, బతికే ఉన్నారా అని అడుగుతూ జనం అందులో చీటీలు వేసేవాళ్ళట. పక్కింటివాడి మీద పితూరీ రాసినవాళ్ళూ అదే పెట్టెలో వేసేవాళ్ళట. ఆ సందు ఎంతుందో చూద్దామని దగ్గరికెళ్ళాను. నాలుగు వేళ్ళు పడతాయి. మూత అంచు దగ్గర రంగు అరిగిపోయి చెక్క కనిపిస్తోంది. మొగుడి కోసం ఏడుస్తూ వచ్చిన ఆవిడ చెయ్యీ, పక్కింటి స్థలం మీద కన్నేసి వచ్చినవాడి చెయ్యీ అక్కడే తగిలాయి. లోపల సెల్లులు, రాత్రంతా ఆర్పని లైట్లు, ఊపిరాడని వేడి, వాన్ ఇంజన్లు ఆన్‌లో ఉంచి ఆ మోతలో మనుషుల్ని కాల్చిన గది, అన్నీ చూపించారు. గోడకి తూటా గుర్తులున్నాయి. మా ఆయన ఆ గదిలోకి రాలేదు, బయటే నిలబడ్డారు. నాకు మాత్రం ఆ పెట్టె చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

ఆ ఆఫీసు మూసేసిన తీరు తెలుసుకుంటే నాకు ఆశ్చర్యమేసింది. ఇంత భయపెట్టినది ఎంత తొందరగా మూతబడిందో. 1991 ఆగస్టు 19న మాస్కోలో గోర్బచేవ్‌ని దించాలని కుట్ర జరిగింది, మూడు రోజుల్లో వీగిపోయింది. 20న ఎస్తోనియా, 21న లాత్వియా మాకిక పూర్తి స్వాతంత్ర్యమేనని ప్రకటించుకున్నాయి. వాటి పక్కనే ఉన్న లిథువేనియా అంతకు ఏడాది ముందే, 1990 మార్చి 11న ప్రకటించుకుంది. 1991 జనవరిలో దాని రాజధాని విల్నియస్‌లో టీవీ టవరు దగ్గర సోవియట్ సైన్యం దాడిలో 14 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు కూడా. కేజీబీకి కొత్తగా అధిపతిగా వచ్చిన బకాతిన్, ఎస్తోనియా ప్రధాని సావిసార్ సెప్టెంబరు 4న ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఎస్తోనియాలో కేజీబీని ఎత్తేయడమే అందులో విషయం. సోవియట్ యూనియన్ ఆ మూడు దేశాల స్వాతంత్ర్యాన్ని గుర్తించింది ఆ తర్వాత రెండు రోజులకి. అంటే దేశం ఉందని ఒప్పుకోకముందే దాని సీఐడీ ఆఫీసు ఎత్తేస్తామని ఒప్పుకున్నారన్నమాట.

విల్నియస్‌లో కేజీబీ భవనం ఎదురుగా ఉన్న చౌకులో లెనిన్ విగ్రహాన్ని ఆగస్టు 23న క్రేనుతో లేపారు. ఒళ్ళంతా పైకొచ్చింది, మోకాళ్ళ కింది భాగం దిమ్మె మీదే ఉండిపోయింది. ఆ ఫొటో చూస్తే మా విజయవాడ లెనిన్ సెంటర్ గుర్తొచ్చింది. మన లెనిన్ ఇంకా నిలబడే ఉన్నాడు, పాత పుస్తకాల షాపుల మధ్య. ఎంట్రన్సు గైడ్లు కొనుక్కునేవాళ్ళు ఆయన నీడలో బేరాలాడుతుంటారు. అది తప్పని నేననను. మనకి ఆయన రెండు రూపాయలకి గట్టి అట్టతో పుస్తకం ఇచ్చిన దేశపు మనిషి. వాళ్ళకి ఆయన ఎదురింట్లో జరిగింది వేరే.

ఎస్తోనియా రాజధాని టాలిన్‌లో "వీరు" అనే హోటలుంది, 1972లో తెరిచారు. లిఫ్టులో 22 అంతస్తులకే బటన్లు. 23వ అంతస్తులో కేజీబీ రేడియో గది. విదేశీయులు దిగే గదుల్లో మైకులు. ఆ తలుపు మీద "ఇక్కడేమీ లేదు" అని రాసి పెట్టారు! ఆ హోటలు ఇప్పుడూ నడుస్తోంది, ఆ గదిని మ్యూజియం చేశారు. పైన ఎవరూ చూడని చోట ఇంత కష్టపడి బోర్డు రాయించిన గుమస్తా ఎవరో గాని, ఆఫీసులో పని చేసినవాళ్ళకి అతను వెంటనే అర్థమవుతాడు.

ఆఫీసు మూయడం తేలిక. కాగితాలేం చెయ్యాలన్నదే అసలు తలనొప్పి. ఎవరి మీద నిఘా పెట్టారో, ఎవరు చేరవేశారో అన్నీ ఉన్న కాగితాలు. చాలా భాగం ముందే మాస్కో తరలిపోయాయి, కొన్ని చింపేశారు. మిగిలినవాటితో మూడు దేశాలూ మూడు దారులు పట్టాయి.

ఎస్తోనియా 1995లో చట్టం చేసింది. కేజీబీలో చేసినవాళ్ళు, దానికి సాయపడ్డవాళ్ళు ఏడాది లోపల వచ్చి చెప్పుకుంటే పేరు బయటపెట్టం, రాకపోతే గెజిట్‌లో వేస్తాం అని. వెయ్యి మందికి పైగా వెళ్ళి చెప్పుకున్నారు. మన డ్రైవరు వెళ్ళలేదు. నేను డ్రైవర్నే కదా, నాకేం సంబంధం అనుకున్నాడేమో. అందుకే గెజిట్‌కెక్కాడు. లిథువేనియా ఇంకాస్త గట్టిగా పోయింది. 1999 నుంచి పదేళ్ళ పాటు మాజీ కేజీబీ ఉద్యోగులు సర్కారు కొలువుల్లోనే కాదు, బ్యాంకులు, వకాల్తా, చదువు చెప్పడం లాంటి వాటిల్లోనూ ఉండకూడదంది. అలా ఉద్యోగం పోయిన వాళ్ళలో ఒకాయన పన్నుల శాఖలో ఇన్‌స్పెక్టరు, ఇంకొకాయన ప్రాసిక్యూటరు. వాళ్ళూ డ్రైవరు వెళ్ళిన ఆ యూరప్ కోర్టుకే వెళ్ళారు. ప్రైవేటు ఉద్యోగాలు కూడా చెయ్యొద్దనడం మరీ ఎక్కువని 2004లో తీర్పొచ్చింది. నాకైతే అది సబబే అనిపించింది. సర్కారు తన గుమ్మంలోకి రావద్దనొచ్చు. ఊళ్ళో ఎక్కడా బతకొద్దంటే ఎలా?

లాత్వియాది వేరే కథ. అక్కడ ఏజెంట్ల పేర్లున్న కార్డులు గోతాల్లో మిగిలిపోయాయి. జనం వాటికి "చెకా గోతాలు" అని పేరు పెట్టేశారు, చెకా అంటే సోవియట్ రహస్య పోలీసుకి మొదట్లో ఉన్న పేరు. కార్డు మీద మనిషి పేరు, దొంగపేరు, ఎప్పుడు చేర్చుకున్నారు, ఎక్కడ పనిచేస్తాడు. అంతే. అతను నిజంగా ఏం చెప్పాడో, ఎవరి కొంప ముంచాడో ఉన్న ఫైలు లేదు. బయటపెట్టాలా వద్దా అని ఏళ్ళ తరబడి కొట్టుకుని చివరికి 2018 డిసెంబరులో నాలుగు వేలకు పైగా కార్డుల్ని అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. మా వాడుండే ఇంటి ఓనరమ్మ ఆ రాత్రంతా కూర్చుని చదివిందట. ఎవరి పేర్లు వెతికారని వాడడిగితే, "ముందు నాకు పాఠాలు చెప్పినవాళ్ళవి, తర్వాత నాకు ఇష్టం లేనివాళ్ళవి" అందట. మనసులో మాట చెప్పింది ఆవిడ.

కొందరు తామెప్పుడూ సంతకం పెట్టలేదంటున్నారు. కొందరు అసలు తెలియదంటున్నారు. కోర్టులు కూడా కార్డొక్కటి చూసి మనిషిని దోషి అనడానికి ఒప్పుకోలేదు. మా వాడికి ఇది నచ్చదు. "నిప్పు లేనిదే పొగ రాదమ్మా" అంటాడు. వస్తుందిరా, ఆఫీసుల్లో నిప్పు లేకుండానే వస్తుంది. నెలకి ఇన్ని రిపోర్టులు కావాలని పైవాడు అడిగితే కిందివాడు ఏదో ఒకటి రాస్తాడు. "విశ్వసనీయంగా తెలియవచ్చినదేమనగా" అని మొదలుపెట్టి, పొద్దున పేపర్లో వచ్చింది తిప్పి రాసే మహానుభావులున్నారని నాన్న ఎవరి పేరూ చెప్పకుండా అనేవాడు. సమాచారం ఇచ్చేవాళ్ళ విషయమూ అంతే. టీ కొట్టాయన యథాలాపంగా "నిన్న రాత్రి ఆ లాడ్జిలో ఎవరో దిగారు" అంటాడు. అది కాగితం మీదికి ఎక్కేసరికి ఆ టీ కొట్టాయన ఒక సోర్స్ అయిపోతాడు. ఆయనకా సంగతే తెలియదు. నలభై ఏళ్ళ తర్వాత ఆ కాగితం దొరికితే ఆయన మనవరాలికి పెళ్ళి సంబంధాలు వస్తాయా?

అలాగని కార్డులన్నీ ఉత్తవేనని కాదు. నిజంగా అమ్ముడుపోయినవాళ్ళున్నారు, మనుషుల్ని చంపించినవాళ్ళున్నారు. ఆ కార్డు ఎవరు, ఎందుకు, ఏ ఒత్తిడిలో రాశారో తెలిసినవాళ్ళు పక్కన కూర్చుని చదవాలి. మూడు దేశాల్లో ఎస్తోనియా పద్ధతే నాకు నచ్చింది, డ్రైవర్ల దాకా పోవడం తప్పిస్తే. పెద్దాఫీసర్లు పెన్షన్లు తీసుకుని మాస్కోలో హాయిగా ఉంటే, దొరికింది బండి నడిపినవాడా అనిపిస్తుంది.

మన సంగతికొస్తే, మనం అసలు ఏదీ మూయలేదు. 1947 ఆగస్టు 14 రాత్రి బ్రిటిష్ వాళ్ళ ఇంటెలిజెన్స్ బ్యూరో, 15 పొద్దున్నకి మన ఇంటెలిజెన్స్ బ్యూరో. స్వతంత్ర భారతంలో దానికి మొదటి డైరెక్టరు సంజీవి పిళ్ళై, మన మద్రాసు రాష్ట్ర పోలీసు ఆఫీసరే. 1861 నాటి పోలీసు చట్టం, 1923 నాటి అధికార రహస్యాల చట్టం అలాగే ఉన్నాయి. పాత అధికారుల్ని పీకేస్తే దేశం నడవదని పటేల్ 1949లో రాజ్యాంగ సభలోనే గట్టిగా చెప్పారు. ఆయన లెక్క ఆయనకుంది, దేశ విభజన రోజులవి. కానీ స్వాతంత్ర్యం వచ్చిన ఒకటి రెండేళ్ళకే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కమ్యూనిస్టుల కోసం అదే పోలీసు అవే ఊళ్ళు వెతికింది. 1942లో ఏ దొడ్లో కాంగ్రెసు వాళ్ళు దాక్కున్నారో, 1949లో అదే దొడ్లో ఇంకొకళ్ళు.

నాన్న పోయాక కారుణ్య నియామకం కింద నాకు గుంటూరులో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు పోస్టు వచ్చింది. కొన్నాళ్ళకి స్వాతంత్ర్య సమరయోధుల పింఛను ఫైళ్ళు నా బల్ల మీదికొచ్చాయి. కేంద్రం 1972లో మొదలుపెట్టిన పింఛను అది. కనీసం ఆరు నెలలు జైల్లో ఉన్నట్టు రుజువు కావాలి, ఆడవాళ్ళకి మూడు నెలలు. రాజమండ్రి, వెల్లూరు, అలీపురం జైళ్ళ సర్టిఫికెట్లు. అజ్ఞాతంలో ఉన్నవాళ్ళకి ఇంకా కష్టం. వారంటు గానీ, పరారీలో ఉన్నాడని ప్రకటించిన ఉత్తర్వు గానీ తేవాలి. అంటే తెల్లవాడి పోలీసు నీ కోసం వెతికాడని తెల్లవాడి కాగితమే చెప్పాలి.

తెనాలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. ఖద్దరు చొక్కా, చంకలో గుడ్డసంచి. 1942 ఆగస్టు 12న తెనాలిలో కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు కదా, రణరంగ చౌక్ ఉన్నది వాళ్ళ కోసమే. ఆ తర్వాత పోలీసులు ఇల్లిల్లూ గాలిస్తుంటే ఈయన ఊరొదిలేశారు. జైలుకెళ్ళలేదు, దొరకలేదు కాబట్టి. పాత రికార్డుల నుంచి ఎలాగో ఒక నకలు సంపాదించారు. ఇతని పేరు మీద వారంటుంది, ఇంటికి వెళ్తే లేడు, భార్యని అడిగితే తెలియదంది, ఆచూకీ దొరకలేదు, అని ఎవరో కానిస్టేబులు ఇచ్చిన రిపోర్టు. ఇంగ్లీషులో, నాలుగు వాక్యాలు. పెద్దాయన దాన్ని సంచిలోంచి తీసేటప్పుడు ముందు చేతులు తుడుచుకునేవారు. "వాడు నన్ను పట్టుకోలేకపోయాడమ్మా, అందుకే నాకు పింఛను" అని నవ్వారు. ఆ ఫైలు నా చేతుల మీదుగానే పైకి వెళ్ళింది. మా నాన్న ఏం పని చేసేవాడో ఆయనకి చెప్పాను. "అయితే మీ నాన్నగారు రాసిన కాగితాలకి కూడా ఎవరో ఒకరికి పింఛను వస్తుందిలే" అన్నారు.

విల్నియస్‌లో కేజీబీ భవనం గోడ రాళ్ళ మీద అక్కడ చంపేసినవాళ్ళ పేర్లు చెక్కారు. లోపల పాత ఫైళ్ళు దొరికాయి కాబట్టే అందులో చాలా పేర్లు తెలిశాయి. ఆ కాగితాలు తగలబెట్టేసి ఉంటే ఈ పేర్లూ పోయేవి. మన దగ్గర అలాంటివి చూద్దామంటే దారి లేదు. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చినప్పుడే 24వ సెక్షన్ కింద ఇంటెలిజెన్స్ బ్యూరోలాంటి వాటికి మినహాయింపు ఇచ్చేశారు. అవినీతి, మానవ హక్కుల ఆరోపణలైతే తప్ప.

నాకు చూడాలని ఉన్న రిపోర్టు ఒకటుంది. 1984 ఆగస్టు 16న గవర్నరు ఎన్టీఆర్‌ని దించేశారు. కాలేజీ పిల్లలమంతా రోడ్డెక్కాం. బీసెంట్ రోడ్డు మీదుగా ఊరేగింపు, నేను రెండో వరసలో ఉన్నాను, అరిచి అరిచి గొంతు పోయింది. పక్కన బట్టల షాపు మెట్ల మీద నాన్న, చేతిలో పెన్సిలు. నన్ను చూశాడు. తల పక్కకి తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు మజ్జిగ పులిసిందని మాత్రం అన్నాడు. నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి. ఆగస్టులో ఎన్టీఆర్ వాళ్ళ మీద రాసిన చెయ్యే సెప్టెంబరులో అవతలివాళ్ళ మీద రాసింది. నోటు పుస్తకం కూడా మారలేదు. మా నాన్న ఆ తర్వాతి ఏడే పోయాడు.

ఆ రోజు నా పేరు రాశాడా లేదా అని మా వాడు అడుగుతుంటాడు. రాసే ఉంటాడు, డ్యూటీ విషయంలో పట్టుదల మనిషి. నాకు తెలుసుకోవాలనుంది ఒక్కటే, జనం ఎంతమందని రాశాడు అని. వెయ్యికి తక్కువ రాసుంటే మాత్రం ఇప్పటికీ గొడవే.